కుడి చక్రం బొట్టు

ఇనుప గనుల ఊరు బచేలిలో చక్రధరరావు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు. బ్రేక్ రావు అంటే చాలు, బస్టాండులో టికెట్లమ్మేవాడి నుంచి బజార్లో ఆకుకూరలమ్మే మంగి దాకా అందరూ చెయ్యెత్తి చూపిస్తారు. ముప్పై నాలుగేళ్ళు గని వర్క్‌షాపులో డంపర్ల బ్రేకులు చూసి, ఇది కొండ దిగొచ్చు, ఇది దిగకూడదు అని సంతకం పెట్టినవాడాయన. విజయనగరం పక్క పల్లె నుంచి ఇరవై ఒకటో ఏట వచ్చి, రిటైరయ్యాక కూడా వెనక్కి వెళ్ళబుద్ధి పుట్టక, బజారు వెనక చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. ఆయన సంతకం పెట్టిన బండి ఒక్కటి తప్ప ఏదీ జారలేదని చెప్పుకుంటారు. ఆ చెప్పుకునేవాళ్ళలో ఆయన కూడా ఒకడు.

ఆ ఒక్కటి ఎందుకు జారిందో కూడా ఆయనే చెబుతాడు. పనిముట్లకీ యంత్రాలకీ చేసే విశ్వకర్మ పూజనాడు ఒకసారి కొత్తగా వచ్చిన ఆఫీసరెవరో డంపర్ చక్రానికి పెట్టిన సిందూరాన్ని, ఏమిటీ జిడ్డు అని గుడ్డతో తుడిచేశాడట. ఆ మధ్యాహ్నమే బండి బురదలో జారి గట్టుకి గుద్దుకుంది. డ్రైవరు దూకి బతికాడు. జారింది బురద వల్లనని రావుకి తెలియక కాదు. రిపోర్టులో రాసింది కూడా ఆయనే. కానీ లోపల మాత్రం, తుడిచిన బొట్టు ఊరికే పోదని గట్టిగా నాటుకుపోయింది. విశ్వకర్మ బొమ్మ నిమజ్జనం అయ్యేదాకా ఏ చక్రం మీది బొట్టూ ఎవరూ ముట్టుకోకూడదని అప్పటినుంచీ వర్క్‌షాపులో ఆయన చట్టం.

ఆయన దగ్గర ఉన్నది పద్దెనిమిదేళ్ళ పాత వ్యాగనార్. టౌన్‌షిప్ బడిలో టీచరైన కూతురు కల్యాణి దాన్ని నడుపుతుంది. ఆగస్టు చివర్లో, బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది నాన్నా అంది. రావు చక్రం సందులోంచి వేలు పెట్టి చూశాడు. ముందు చక్రాల బ్రేకు డిస్కులు గీతలు పడి, అంచున గోరు తగిలేంత గట్టు కట్టి ఉన్నాయి. ఇక్కడి గాలిలో ఇనుము ఉంటుంది, డిస్కుకీ ప్యాడ్‌కీ మధ్య అదే చేరి నూరుతుంది. రెండు కొత్త డిస్కులూ, ప్యాడ్లూ జగ్దల్‌పూర్ నుంచి తెప్పించాడు. అవి వచ్చేసరికి సెప్టెంబరు పదహారు సాయంత్రం అయింది.

మర్నాడు విశ్వకర్మ పూజ. ఏడాది పొడుగునా మూసి ఉండే కొండ మీది గని గేటు ఆ ఒక్కరోజే జనానికి తెరుస్తారు. బచేలి, కిరండూల్, దంతెవాడ అంతా బళ్ళు కట్టుకుని కొండ పైనున్న ఆకాశ్‌నగర్ ఎక్కుతుంది. పైన మబ్బులు చేతికి తగులుతాయి. రావు భార్య అప్పలనరసమ్మ మోకాళ్ళ నొప్పులతో మూడేళ్ళుగా ఎక్కలేదు. ఈసారి తీసుకెళ్తానని కల్యాణి మాటిచ్చింది. కాబట్టి పొద్దున్నే డిస్కులు మార్చెయ్యాలి, పదింటికల్లా బయల్దేరాలి.

మార్చేవాడు కోస. కొంటా దగ్గర పల్లెలో దోర్ల తెగవాడు, నలభై అయిదేళ్ళుంటాయి. వర్క్‌షాపులో కాంట్రాక్టు హెల్పరుగా పన్నెండేళ్ళు రావు పక్కన పానాలు అందించి, పని అబ్బాక ఘాట్ రోడ్డు మొదట్లో సొంత షెడ్డు వేసుకున్నాడు. కొండ ఎక్కే జీపులన్నీ ముందు కోస దగ్గర ఆగుతాయి. అతను చక్రం తిప్పి, చెవి పెట్టి విని, పో అంటే పోతాయి. రావుకి అది చూస్తే మీసం మెలెయ్యాలనిపించేది. తన శిష్యుడు మరి.

కోస తెల్లారకముందే వచ్చేశాడు. అప్పటికే రావు స్నానం చేసి, పీట మీద పానాలూ, స్క్రూడ్రైవర్లూ, కొత్త డిస్కులూ పేర్చి పూజ మొదలుపెట్టాడు. అప్పలనరసమ్మ సిందూరాన్ని నువ్వుల నూనెలో చిక్కగా కలిపి ఇచ్చింది. ఆయన పానాలకి ఒక్కో బొట్టు పెట్టాడు. డిస్కుల దగ్గరికొచ్చేసరికి భక్తి పొంగింది. ఒక్కోదానికి అయిదేసి బొట్లు, పైగా చుట్టూ వేలితో ఒక వలయం, వెనక్కి తిప్పి అటూ అంతే. నూనె అంచు నుంచి కారుతుంటే గుడ్డతో అద్దాడు.

కోస కారెత్తి ఎడమ చక్రం విప్పాడు. ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ ఊడదీసి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా దాన్ని తీగతో పైకి కట్టాడు. తుప్పుకి అతుక్కుపోయిన పాత డిస్కు మీద సుత్తి ఎత్తలేదు. దానికున్న రెండు చిన్న రంధ్రాల్లో బోల్టులు బిగిస్తూ పోతే అదే మెల్లగా వెనక్కి వచ్చింది. ఆ కిటుకు నేర్పింది రావే. రావు హారతిచ్చి, ప్రసాదం పంచడానికి లోపలికెళ్ళి వచ్చేసరికి ఎడమ పక్క కొత్త డిస్కు ఎక్కేసింది. తళతళా మెరుస్తోంది. పక్కన పెట్రోలు గుడ్డ కాషాయంగా ఉంది.

"బొట్టేదిరా?" అన్నాడు రావు.

"తుడిచిన సార్."

"ఎవరు తుడవమన్నారు?"

కోస లేచి నిలబడ్డాడు. "నూనె సార్ అది. ప్యాడ్ నూనె తాగితే పట్టదు గద. మీరే చెప్పిండ్రు నాకు."

నిజమే, ఆయనే చెప్పాడు. డంపర్ చక్రానికి బొట్టు పెట్టేది బయటి ముఖాన, దానికీ బ్రేకుకీ సంబంధం లేదు. కారు డిస్కు అలా కాదు, రెండు ముఖాలూ ప్యాడ్లు పట్టుకునేవే. ఇది రావుకి కోస కంటే ఎక్కువే తెలుసు. తెలిసినవాడు ఆ నిమిషాన ఏమయ్యాడో గానీ, మాట్లాడింది మాత్రం ఆ పాత డంపర్ని తల్చుకుని బెదిరినవాడు.

"అయిందేదో అయింది. ఆ కుడిపక్కది ముట్టుకున్నావంటే చూడు. బొట్టుతోనే ఎక్కించు."

"సార్, ఇది వద్దు సార్. ఘాట్ ఎక్కి దిగాలె. ఒక్కపారి తుడుస్త, పైన చక్రం నడిమిట్ల హబ్బుకు పెట్టుకుందం బొట్టు."

"ముప్పై నాలుగేళ్ళు బ్రేకులు చూసినవాడికి నువ్వు చెప్తావేటి? రెండుసార్లు తొక్కితే వేడికి అదే ఎగిరిపోద్ది. ఎక్కించు."

గురువు మాట కాదనడం కోసకి చేతకాదు. బొట్టుతోనే ఎక్కించాడు, ప్యాడ్లు వేశాడు, నట్లు బిగించాడు, పెడల్ గట్టిపడేదాకా తొక్కాడు. కాలనీ రోడ్డు మీద మెల్లగా ఒక చుట్టు తిప్పి వచ్చి, కిందికి దిగకుండానే మళ్ళీ అడిగాడు. "పది నిమిషాల పని సార్. ఇప్పుతనా?"

"గేటు దగ్గర లైను పెరిగిపోద్ది. దిగు," అన్నాడు రావు.

బజారు దాటేలోపే కల్యాణి, "ఎడమకి లాగుతోంది నాన్నా," అంది.

"కొత్త డిస్కులు కదమ్మా. సర్దుకుంటాయి."

వెళ్ళేటప్పుడు ఎక్కుడే కాబట్టి బ్రేకుతో పనిలేకపోయింది. పైన అప్పలనరసమ్మ మబ్బుల్లో నిలబడి చిన్నపిల్లలా చేతులు చాపింది. దిగేటప్పుడు సన్నగా వాన. ముందు ఒకటే జీపులు, వెనక ఒకటే జీపులు. మూడో మలుపులో ముందు బండి ఉన్నట్టుండి ఆగింది. కల్యాణి బలంగా తొక్కింది. ఎడమ చక్రం పట్టింది, కుడిది పట్టలేదు. కారు ఒక్కసారిగా ఎడమకి తిరిగి కాలువ దాటి కొండరాయికి కొట్టుకుంది. ముందు కూర్చున్న తండ్రీ కూతుళ్ళకి బెల్టులున్నాయి. వెనక కూర్చున్న అప్పలనరసమ్మ ముందు సీటు మీదికి చెయ్యి పెట్టి పడింది. మణికట్టు విరిగింది.

కారు ఎటు తిరిగిందో చూసిన క్షణంలోనే రావుకి అంతా అర్థమైంది. విప్పి చూడనక్కర్లేదు.

జనం మూగారు. సగంమంది వర్క్‌షాపు వాళ్ళే. ఒకప్పుడు ఆయన సంతకం కోసం వరసలో నిలబడినవాళ్ళు. "బ్రేకులు ఎవరు చేశారు?" అని ఎవరో అడిగారు. కల్యాణి ఏడుస్తూ, "కోసన్న. ఇవాళ పొద్దున్నే," అంది. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, కోస పావుగంటలో మోటారుసైకిల్ మీద వచ్చాడు. దిగీ దిగగానే కల్యాణి అతని మీద విరుచుకుపడింది.

"పొద్దుననగా చేసిన బ్రేకులు ఇవేనా? అమ్మ చెయ్యి చూడు. నిన్ను నమ్మి ఎక్కాం కొండ. అందరూ నిన్ను నమ్మే ఎక్కుతున్నారు!"

కోస ఆమె వైపు చూడలేదు, రావు వైపు చూశాడు. తొందరేం లేకుండా చూశాడు, మాట మొదలెట్టడానికి ఎంతసేపు కావాలో అంతసేపు. ఒక్క మాట చాలు. తుడుస్తానంటే నేనే వద్దన్నాను. మూడే పదాలు. రావు నోరు తెరిచాడు కూడా. చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. వంగి, టైరేదో చూస్తున్నట్టు చక్రం దగ్గర కూర్చున్నాడు.

"తప్పయింది కల్యాణమ్మా," అన్నాడు కోస.

రావు తల ఎత్తలేదు.

సాయంత్రమే చెబుదామనుకున్నాడు. సాయంత్రం ఆస్పత్రిలో అప్పలనరసమ్మకి కట్టు వేయించడంతో సరిపోయింది. మర్నాడు చెబుదామనుకుంటే మర్నాడు పరామర్శకి జనం. వాళ్ళందరి ముందూ ఏం బాగుంటుందని ఆగాడు. జనం పోయాక ఇంక ఎవరికి చెప్పాలని ఆగాడు. చెప్పకూడదనుకున్నవాడికి సాకులకేం తక్కువ. పిరికితనం పెద్దరికం ముసుగు వేసుకుని కూర్చుంటే దాన్ని లేపడం ఎవరి తరమూ కాదు. ఆయన తరం కాలేదు.

కోస షెడ్డు ముందు జీపులు ఆగడం మానేశాయి. ఆకాశ్‌నగర్ జీపు నడిపే వినోద్ అన్నిటికంటే ముందు మానేశాడు. అతనితోపాటు మిగతావాళ్ళు. మిగతా పనులకి ఎవరైనా పనికొస్తారు గానీ, ఘాట్ మీద బ్రేకుకి అనుమానం ఒక్కటి పుడితే చాలు. దసరా దాటేసరికి కోస పంక్చర్లు వేసుకుంటూ కనిపించాడు. దీపావళికి ముందు షెడ్డుకి తడిక అడ్డం కట్టి, భార్య ఇర్మెని తీసుకుని ఊరెళ్ళిపోయాడు. అటు వెళ్ళినప్పుడల్లా రావు రోడ్డుకి అవతలి పక్క నడిచేవాడు.

కారు ఇంటి ముందు అలాగే పడి ఉంది. కల్యాణి దాని తలుపు కూడా ముట్టుకోలేదు. బడికి నడిచే వెళ్తోంది. డిసెంబరులో ఒక ఆదివారం రావు తానే జాకీ వేసి కుడి చక్రం విప్పాడు. డిస్కు మీద గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది. ప్యాడ్లు తీసి చూస్తే నల్లగా, గాజులా నున్నగా ఉన్నాయి, అంచుల్లో సిందూరం ఇంకా కాషాయంగానే ఉంది. తెలిసిన విషయమే. అయినా చేతిలోకొచ్చేసరికి నేలమీద చతికిలబడి, ఆ ప్యాడ్లు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. మర్నాడు పొద్దున్నే కొంటా బస్సెక్కాడు.

కోస ఇల్లు పొలం గట్టున ఉంది. ఇర్మె నీళ్ళిచ్చి లోపలికెళ్ళింది. కోస వడ్లు ఎత్తుతున్నవాడల్లా చేతులు దులుపుకుని వచ్చి, మంచం వాల్చి, తాను నేలమీద కూర్చున్నాడు. అది చూసి రావు కూడా మంచం వదిలి నేలమీదికి దిగాడు.

"తప్పు నాదిరా కోసా. నువ్వు తుడుస్తానన్నావు. నేనే వద్దన్నాను," అన్నాడు. మూడు నెలలు గొంతులో అడ్డం పడ్డ మాట ఇంత తేలిగ్గా వచ్చేసిందేమిటా అని ఆయనకే ఆశ్చర్యమేసింది.

కోస ముఖంలో కోపం ఉందేమోనని రావు వెతికాడు. ఉంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నాకు చెప్పుడేంది సార్? నాకు ఎరుకనే గద."

"క్షమించు."

"నేను మిమ్మల్నేం అననే లేదు. ఆ దినం మీరు చెప్తరని చూసిన. చెప్పలేదు. పెద్దోళ్ళు, గాబరాపడ్డరు, రేపు చెప్తరనుకున్న. దీపావళి దాకా చూసిన సార్." గడ్డిపరక తుంచి పారేశాడు. "నాకు కాదు, వాళ్ళకు చెప్పున్రి. జీపోళ్ళకు. వాళ్ళు నమ్మితే నేను వస్త."

బస్సు దిగి ఇంటికి రాగానే రావు ముందు భార్యనీ, కూతుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. అప్పలనరసమ్మ వంకర తేలిన మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని, "ఏటండీ ఇది, ఆడు మనింట్లో తిన్నోడండీ," అని ఊరుకుంది. కల్యాణి ఊరుకోలేదు.

"తిట్టింది నేను నాన్నా. అంతమందిలో. నువ్వక్కడే కూర్చుని, నా నోటితో తిట్టించావు." ఆ మాటన్నాక లోపలికెళ్ళి కోసకి ఫోన్ చేసింది. ఎత్తితే ఏమనాలో తెలియక, మోగుతుండగానే పెట్టేసింది. ఆ రాత్రి తండ్రితో మాట్లాడలేదు, పొద్దున కూడా మాట్లాడలేదు.

పొద్దున్నే రావు ప్యాడ్లు కాగితంలో చుట్టుకుని జీపు స్టాండుకి వెళ్ళాడు. టీ కొట్టు ముందు వినోద్, ఇంకో ఆరుగురు డ్రైవర్లూ ఉన్నారు. ఆయన్ని చూసి అందరూ లేచారు. రావు కాగితం విప్పి, కాషాయం అంచు చూపించి, హిందీలో గట్టిగా చెప్పాడు.

"ఇది కోస తప్పు కాదు. ఎడమ పక్క తుడిచాడు. కుడి పక్క తుడుస్తానంటే నేను వద్దన్నాను. మళ్ళీ అడిగినా వద్దన్నాను. అతనంత మంచి బ్రేకు మిస్త్రీ మీకు దొరకడు. పిలిపించుకోండి."

వినోద్ ప్యాడ్ తీసుకుని వాసన చూసి పక్కవాడికిచ్చాడు. అది చేతులు మారింది. అందరికంటే చిన్నవాడు ఒకడు, "ఎవరు వద్దన్నా మిస్త్రీ తుడవాలి కదా సాబ్?" అన్నాడు.

"నేను తుడవనివ్వలేదయ్యా! అరిచాను అతని మీద."

వినోద్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడంలో ఉన్న గౌరవానికి రావు గుండె జారిపోయింది. "రావ్ సాబ్, మీ మనసు మాకు తెలీదా? కోస ఊళ్ళో ఇబ్బందుల్లో ఉన్నాడని ఎవరో చెప్పుంటారు. పాత శిష్యుడు, మీకు ప్రాణం ఒప్పలేదు. కానీ బ్రేకుల్లో నూనె ఉంచమని మీరంటారా? మీరు? ఇంకెవరికైనా చెప్పండి."

"నిజం చెబుతున్నాను."

"మీరు అబద్ధమాడారని ఎవరన్నారు సాబ్?" అన్నాడు వినోద్, బుజ్జగిస్తున్నట్టు.

రావు మళ్ళీ చెప్పాడు. తొలిసారి కంటే గట్టిగా, కన్నీళ్ళతో చెప్పాడు. ఆ కన్నీళ్ళు చూసి వాళ్ళ కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. చెప్పే కొద్దీ ఆయన ఇంకా ఇంకా మంచివాడైపోతున్నాడు. బల్ల మీద ఉన్న ముసలి డ్రైవరు పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చి, అందరూ వినేలా అన్నాడు.

"ఈయన భార్య చెయ్యి విరగ్గొట్టినవాడు ఆ కోస. అలాంటివాడి కోసం కూడా తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు, చూశారా! ఇలాంటి మనిషి ఇంకెక్కడైనా ఉంటాడా?"

ఉండడని అందరూ ఒప్పుకున్నారు.